తిరుమల పేరున్న సీతాకోకచిలుక

సూళ్లూరుపేటకు తలెత్తి చూసే అలవాటు ఉంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుందంటే జనం మేడలెక్కుతారు. చలికాలం వస్తే పులికాట్ మీద వాలే ఫ్లెమింగోలను, నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. ఇవి కాక మూడోది ఒకటి ఉంది. అది మన నడుమెత్తులో, కంచె మీదుగా నెమ్మదిగా ఎగిరిపోతుంది. దాన్ని చూడటానికి తలెత్తనక్కర్లేదు కాబట్టే కాబోలు, మన కంట పడదు.

నల్లటి రెక్కలు. వాటి నిండా లేత నీలం చారలు, చుక్కలు. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు పది సెంటీమీటర్లు, అంటే మన అరచేతి వెడల్పు కంటే కాస్త ఎక్కువే. నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు. ఇంగ్లిషులో దీన్ని బ్లూ టైగర్ అంటారు. మనం నీలిపులి అందాం. పక్కనే తిరిగే మరో జాతి దీనికి చెల్లెలి లాంటిది. దాని నీలం చారలు సన్నగా ఉండి, మొత్తం మీద నలుపు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే అది డార్క్ బ్లూ టైగర్, ముదురు నీలిపులి.

శాస్త్రం ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చింది. ఆ ప్రజాతి పేరు వింటే ఈ ప్రాంతం వాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ పేరు తిరుమల. నీలిపులి శాస్త్రీయనామం తిరుమల లిమ్నియాసె, ముదురు నీలిపులిది తిరుమల సెప్టెంట్రియోనిస్. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ అనే కీటక శాస్త్రవేత్త 1880లో సింహళ దేశపు సీతాకోకచిలుకల మీద రాస్తూ ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. తాను గుర్తించిన ప్రజాతులలో చాలావాటికి ఆయన మన దేశపు పేర్లే ఎంచుకున్నాడు. ఆ విధంగా ఏడుకొండల పేరు ఒక సీతాకోకచిలుక వంశానికి ఇంటిపేరైంది.

పేరుకు తగ్గట్టే ఇది కొండల్లో పుష్కలంగా కనిపిస్తుంది. శేషాచలం, వెలికొండలు, మనకు పడమట వరదయ్యపాళెం దారిలో ఎదురయ్యే నాగలాపురం కొండలు, ఉబ్బలమడుగు సెలయేళ్లు, ఇవన్నీ దానికి నచ్చే చోట్లే. మరి కొండ సీతాకోకచిలుకకు సముద్రపు ఒడ్డున ఏం పని? దాని బతుకు మొదటి నుంచి చివరిదాకా చూస్తేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఒక ఆకు, ఒక గుడ్డు

మన పొలం గట్ల మీద, ముళ్లకంచెల మీద, పాడుబడ్డ గోడల మీద ఒక తీగ అల్లుకుని ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా, వెడల్పుగా, కొస తేలి ఉంటాయి. పూలు ఆకుపచ్చగా ఉంటాయి. అవి గుత్తులుగా వేలాడుతున్నా ఆకుల్లో కలిసిపోయి పట్టి చూస్తే తప్ప కనబడవు. కాయలు కొమ్ముల్లా జంటగా వస్తాయి. ఎండి పగిలితే తెల్లటి పట్టుకుచ్చులు కట్టుకున్న గింజలు గాల్లో తేలిపోతాయి. దూదిపాల అని కొందరంటారు. ఆకు తుంచితే పాలు కారతాయి. సెగ్గడ్డల మీద ఈ ఆకు నూరి కట్టడం పల్లెల్లో పాత వైద్యం. వృక్షశాస్త్రంలో దీని పేరు డ్రెగియా వోలుబిలిస్. ఇది జిల్లేడు కుటుంబానికి చెందిన తీగ.

నీలిపులి తల్లికి ఈ తీగ పురిటిల్లు. చాలా సీతాకోకచిలుకల్లాగే అదీ తన పిల్లల కోసం ఏ ఆకు పడితే ఆ ఆకు ఎంచుకోదు. చూపుతో తీగ దగ్గరికి వస్తుంది గానీ, నిర్ణయం కాళ్లతో చేస్తుంది. దీని ముందుకాళ్లు రెండూ నడవడానికి పనికిరానంత పొట్టివి. నిలబడినప్పుడు నాలుగు కాళ్లే కనిపిస్తాయి. ఆడది ఆ పొట్టి కాళ్లతో ఆకు మీద తపతపా తడుతుంది. వాటి కొసల్లో రుచి చూసే సన్నటి వెంట్రుకలు ఉంటాయి. ఆకు రసాయనం సరైనదని తెలిస్తే పొట్ట వంచి లేత ఆకు అడుగున ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మళ్లీ ఎగిరి ఇంకో ఆకు వెతుక్కుంటుంది. గుంపుగా పెడితే పిల్లలకు తిండి చాలదు, ఒక శత్రువు కంట పడితే అన్నీ పోతాయి. అందుకే ఆకుకొకటి.

ఆ గుడ్డు ఆవగింజ కంటే చిన్నది, తెల్లటిది, నిలువునా సన్నటి గాడులతో ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో అందులోంచి పురుగు బయటికి వస్తుంది. దాని మొదటి భోజనం తన గుడ్డు పెంకే.

పాలు కారే ఆకును తినడం ఎలా?

ఆ తరువాత అసలు కష్టం మొదలవుతుంది. మొక్క పాలు కార్చేది తన రక్షణ కోసమే. ఆ పాలు జిగురుగా ఉంటాయి. అప్పుడే పుట్టిన పురుగు నోరు అందులో పడితే అతుక్కుపోతుంది, కొన్ని అక్కడే చచ్చిపోతాయి కూడా. ఈ వంశపు పురుగులకు దీనికి విరుగుడు తెలుసు. తినబోయే భాగం చుట్టూ ముందుగా చిన్న వలయంలా ఆకును కొరుకుతాయి. పాలు తెచ్చే సన్నటి గొట్టాలు ఆ గాటు దగ్గర తెగి, పాలు అక్కడే కారిపోతాయి. వలయం లోపలి భాగానికి ఇక పాలు అందవు. అప్పుడు తాపీగా ఆ ముక్కను తింటాయి. పొలానికి నీళ్లు రాకుండా కాలువకు అడ్డుకట్ట వేసినట్టే ఇది. ఎవరూ నేర్పకుండా, పుట్టిన రోజునే.

పెరిగిన పురుగును ఒకసారి చూస్తే మరిచిపోం. పసుపు కలిసిన తెల్లటి ఒంటి మీద అడ్డంగా నల్లటి పట్టీలు, పక్కల పొడుగునా పసుపు గీత. తల వైపు ఒక జత, తోక వైపు ఒక జత మెత్తటి నల్ల పోగులు మీసాల్లా ఉంటాయి. నడుస్తుంటే అవి ఊగుతాయి. ముట్టుకుంటే కుడతాయేమో అని భయం వేస్తుంది గానీ, అవి కుట్టవు. మన ఇళ్లలో దురద పుట్టించే గొంగళిపురుగు వేరు, ఇది వేరు. దీని ఒంటి మీద నూగు ఉండదు.

సుమారు రెండు వారాల పాటు దీనికి తినడమే పని. ఒళ్లు పెరుగుతుంది గానీ చర్మం సాగదు. అందుకని నాలుగుసార్లు పాత చర్మం విడిచి కొత్త చర్మంతో బయటికి వస్తుంది. అయిదో దశ ముగిసే వేళకు తిండి మానేసి, చాటున ఒక ఆకు అడుగునో కొమ్మకో చిన్న పట్టు దిండు అల్లి, దానికి తోక తగిలించి తలకిందులుగా వేలాడుతుంది. చివరిసారి చర్మం విడిచినప్పుడు లోపల ఉండేది పురుగు కాదు, ప్యూపా.

ఆ ప్యూపా లేత ఆకుపచ్చగా, నున్నగా ఉంటుంది. దాని మీద అక్కడక్కడ మెరిసే చుక్కలు ఉంటాయి. బంగారం పొదిగారా అనిపిస్తుంది. నిజానికి అందులో బంగారు రంగు పదార్థమేదీ లేదు. పొరలు పొరలుగా ఉన్న పెంకు మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల ఆ మెరుపు. పట్టుపురుగు కట్టినట్టు దీనికి చుట్టూ గూడు ఉండదు, బయటికి కనిపించేదే దాని ఒళ్లు. లోపల పురుగు శరీరం చాలావరకు కరిగి, కొత్తగా రెక్కలు, పొడుగాటి తొండం, పెద్ద కళ్లు రూపుదిద్దుకుంటాయి. చివరి రోజు పెంకు పలచబడి లోపలి నలుపు, నీలం కనిపిస్తాయి. ఎనిమిది, పది రోజులకు పెంకు చీలి సీతాకోకచిలుక బయటికి వస్తుంది. అప్పటికి రెక్కలు తడిగుడ్డల్లా ముడుచుకుని ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి పంపి వాటిని విప్పుకుని, ఆరేదాకా కదలకుండా వేలాడుతుంది. గుడ్డు నుంచి ఇక్కడికి దాదాపు నాలుగు వారాలు. ఎండ ఎక్కువైతే కాస్త త్వరగా, చలి అయితే కాస్త ఆలస్యంగా.

తొందర ఎందుకు లేదు?

నీలిపులి ఎగరడం చూస్తే దానికి భయం ఉన్నట్టే అనిపించదు. పిట్టలు తిరిగే చోటే తీరిగ్గా తేలుతూ పోతుంది. దాని ధైర్యమంతా ఒంట్లో ఉన్న చేదులో ఉంది.

ఆ చేదు వచ్చే దారుల్లో ఒకటి మన పొలాల్లోనే ఉంది. వరి వేసే ముందు పచ్చిరొట్ట ఎరువుకు జనుము చల్లడం నెల్లూరు సీమ రైతులకు తెలిసిందే. జనుము, బంజర్లలో పెరిగే గిలిగిచ్చ ఒకే కుటుంబపు చెట్లు. చెరువు గట్ల మీద ఏనుగు తొండంలా వంగిన పూలకంకితో నాగదంతి కనిపిస్తుంది. ఈ మొక్కల్లో పైరోలిజిడిన్ అనే రకం ఆల్కలాయిడ్లు ఉంటాయి. పశువులు ఎక్కువగా మేస్తే వాటి కాలేయం చెడిపోయేంత విషం అది. నీలిపులి మగవి వెతుక్కుంటూ పోయేది దీనికోసమే. వాడిన కొమ్మ మీద, ఎండిన ఆకు మీద, దెబ్బతిన్న కాయ మీద పదులకొద్దీ వాలి, కాళ్లతో గీకుతూ, తొండంతో తడిపి ఆ రసం పీలుస్తాయి. తేనె కోసం గడ్డిచామంతి పూలకు పోయే సీతాకోకచిలుక పూలే లేని ఎండు కొమ్మను ఎందుకు పట్టుకుని వేలాడుతోందో చాలామందికి అర్థం కాదు. అది తాగుతున్నది ఆహారం కాదు, ఆయుధం.

ఆ విషంతో రెండు పనులు జరుగుతాయి. ఒకటి రక్షణ. కొత్తగా వేట నేర్చుకునే పిట్ట ఒకసారి దీన్ని నోట పెట్టుకుని వెంటనే వదిలేస్తుంది. నలుపు మీద నీలం కనిపిస్తే చేదని ఆ పిట్టకు చాలాకాలం గుర్తుంటుంది. దీని ఒళ్లు తోలులా గట్టిది కాబట్టి ముక్కు దెబ్బ తిని కూడా చాలాసార్లు బతికి బయటపడుతుంది. రెండోది పెళ్లి. మగది ఆ విషాన్నే ఒంట్లో మార్చి వాసన పదార్థంగా చేసుకుంటుంది. మగదాని వెనక రెక్క అడుగున చిన్న సంచి లాంటిది ఉంటుంది. పొట్ట చివర కుంచెలా విచ్చుకునే వెంట్రుకల గుత్తి ఉంటుంది. ఆడదాని ముందు ఎగురుతూ ఆ కుంచె విప్పి వాసన చల్లుతుంది. నీలిపులికి చుట్టాలైన కొన్ని జాతుల్లో మగది జతకట్టే వేళ ఈ రక్షణ పదార్థంలో కొంత ఆడదానికి అందిస్తుందనీ, అది గుడ్ల వరకూ చేరుతుందనీ శాస్త్రవేత్తలు చూపించారు.

చేదుకు ఉన్న ఈ పరువును వాడుకునే వాళ్లూ ఉన్నారు. కామన్ మైమ్ అనే సీతాకోకచిలుకకు ఉన్న రెండు రూపాల్లో ఒకటి, కామన్ వాండరర్ అనే మరో దానిలో ఆడది, నీలిపులి వేషం వేసుకున్నట్టే ఉంటాయి. ఎగిరే తీరు కూడా దానిలాగే నెమ్మది. పిట్ట పొరబడితే వాటి ప్రాణం దక్కుతుంది. అయితే ఈ రక్షణకు హద్దు ఉంది. కొన్ని కందిరీగలు, ఈగలు ఈ విషాన్ని లెక్కచేయక పురుగు మీదే గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పురుగును లోపలి నుంచి తినేస్తాయి. పెట్టిన గుడ్లలో రెక్కలదాకా వచ్చేవి కొద్దే.

కొండకూ కడలికీ మధ్య దారి

ఇప్పుడు కొండ సీతాకోకచిలుకకు సముద్రపు ఒడ్డున ఏం పని అన్న మొదటి ప్రశ్నకు వద్దాం. సీతాకోకచిలుకకు ఒంట్లో సొంత వేడి చాలదు. పొద్దున్నే ఎండకు రెక్కలు పరిచి కండరాలు వేడెక్కితేనే ఎగరగలదు. నైరుతి రుతుపవనాలు వచ్చాక పడమటి కనుమల్లో వారాల తరబడి ముసురు పడుతుంది. ఎండే లేని చోట అది తిండి వెతుక్కోలేదు, జత వెతుక్కోలేదు. అందుకని వానలకు ముందే, ఏప్రిల్ నుంచి జూన్ లోపల, నీలిపులులు, ముదురు నీలిపులులు, వాటితోపాటు గోధుమ నలుపు రంగు కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో అనే బంధువులు లక్షలుగా పడమటి కనుమలు దిగి తూర్పుకు బయలుదేరతాయి. తూర్పు మైదానాల్లో, తూర్పు కనుమల్లో ఆ కాలంలో పడే వాన తక్కువ. ఆకు చిగురించడానికి అది చాలు, ఎగరడానికి అడ్డం కాదు. పాలతీగలు ఎక్కువగా పెరిగేది కూడా ఇలాంటి మెట్ట పొదల్లోనే. ఇక్కడ పిల్లలు పెరుగుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు మన తీరానికి వచ్చే వేళకు కొత్త తరాలు పడమటికి తిరుగు ప్రయాణం కడతాయి. వెళ్లినవే తిరిగి రావు, వాటి సంతానం వస్తుంది.

దక్షిణ భారతంలో జరిగే ఈ వలసను కృష్ణమేఘ్ కుంటే అనే శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా పరిశీలిస్తున్నారు. ఏయే జాతులు ఎంతెంత పాళ్లలో పోతున్నాయి, మగవెన్ని, ఆడవెన్ని, ఏ దిక్కుకు అని లెక్కలు తీసి 2005లో ప్రకటించారు. ఆయన బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్నారు. మన వైపు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు సి. సుబ్బారెడ్డి, జె.బి. ఆట్లూరి బృందం తూర్పు కనుమల సీతాకోకచిలుకలు ఏ మొక్క మీద గుడ్లు పెడతాయో, ఎన్నాళ్లకు ఎదుగుతాయో ఓపిగ్గా నమోదు చేసింది.

అన్నీ వలస పోవు. కొన్ని ఇక్కడి కొండల్లో, తీరంలోనే ఉండిపోతాయి. నెల్లూరు తీరంలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడుతుంది. ఆ వాన తరువాత కంచెల మీద తీగలు కొత్త చిగురు వేస్తాయి. శ్రీహరికోట దీవిలో సముద్రపు గాలికి అలవాటు పడ్డ చిట్టడవి ఉంది. అక్కడి పొదల్లోనూ పాలతీగలు అల్లుకుంటాయి. ఎండలు ముదిరాక మైదానంలో ఆకు ఎండితే సీతాకోకచిలుకలు నీడా తేమా ఉన్న కొండ లోయలు వెతుక్కుంటాయి. సాయంత్రమయితే ఒకే ఎండుకొమ్మ మీద గుత్తులుగా వాలి నిద్రపోతాయి. రెక్కలు ముడిస్తే ఎండుటాకుల గుత్తిలా ఉంటుంది. తడి ఇసుక మీద మగవి మూగి లవణాలు కలిసిన నీరు పీల్చడం ఏ సెలయేటి ఒడ్డునైనా చూడొచ్చు.

కాబట్టి నీలిపులిది కొండా కాదు, తీరమూ కాదు. రెంటి మధ్యా ఉన్న దారే దాని ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. ఏడుకొండలూ పులికాట్ సరస్సూ ఒకే జిల్లాలోకి వచ్చాయని అప్పుడు కొత్తగా అనిపించింది. ఈ సీతాకోకచిలుక లెక్కలో అవి ఎన్నడూ వేరుగా లేవు.

దారి తెగితే

ఈ వంశానికి ప్రపంచమంతటా బంధువులున్నారు. ఉత్తర అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుకలు కెనడా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లో చలికాలం గడుపుతాయి. అవి సూర్యుణ్ని చూసి దిక్కు పోల్చుకుంటాయనీ, వేళను బట్టి లెక్క సరిచేసే గడియారం వాటి మీసాల్లో ఉందనీ పరిశోధకులు కనుక్కున్నారు. తైవాన్‌లో మన కామన్ క్రోకు దగ్గరి చుట్టాలైన ఊదారంగు సీతాకోకచిలుకలు కొండల మధ్య వలస పోతూ ఒక పెద్ద రహదారిని దాటాలి. వాహనాల గాలికి అవి వేలల్లో చనిపోతుంటే 2007లో అక్కడి ప్రభుత్వం వలస సాగే వేళల్లో ఒక వరుస మూసేసింది. రోడ్డు పక్కన ఎత్తుగా వలలు కట్టి, అవి వాహనాల పైనుంచి ఎగిరేలా చేసింది.

మన ఊరి మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. కొండకూ సముద్రానికీ మధ్య ఎగిరే ఏ సీతాకోకచిలుకైనా దాన్ని దాటాల్సిందే. నెమ్మదిగా ఎగిరే దానికి అది కష్టమైన పని. అయినా దానికి పెద్ద ముప్పు రోడ్డు కంటే కంచెలు పోవడం వల్లే. ముళ్లకంచె తీసి సిమెంటు గోడ కట్టినప్పుడు, ఖాళీ జాగాలో పెరిగిన పొదను పిచ్చిమొక్కలని తగలబెట్టినప్పుడు, గట్ల మీద కలుపు మందు కొట్టినప్పుడు దూదిపాల పోతుంది. తల్లి వాలి, కాళ్లతో తట్టి చూసి, సరైన ఆకు దొరక్క ఎగిరిపోతుంది. కొండ మీద ఎంత అడవిని కాపాడినా, కింద ఈ తీగ లేకపోతే ఇక్కడ తరువాతి తరం ఉండదు.

మనం చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. పెరటి కంచె మీద ఒక మూల ఈ తీగను ఉండనివ్వాలి. అది నరికినా మళ్లీ చిగురిస్తుంది, నీళ్లు పోయనక్కర్లేదు. బడి ఆవరణలో గోడ పక్కన పెంచితే పిల్లలు నాలుగు వారాల్లో గుడ్డు నుంచి రెక్కలదాకా మొత్తం కథ కళ్లారా చూస్తారు. జనుము దున్నేటప్పుడు గట్టు పక్కన నాలుగు మొక్కలు వదిలితే మగవాటికి చాలు. గట్టు మీద నాగదంతి కనిపిస్తే పీకేయకుండా ఉంటే చాలు.

ఈసారి వానలు వెలిసి, తీగలు చిగురించాక ఒక పొద్దున కంచె దగ్గరికి వెళ్లి లేత ఆకులు తిప్పి చూడండి. ఆకు అడుగున తెల్లటి చుక్కంత గుడ్డో, ఆకు మధ్యలో గుండ్రటి చిన్న కోతో కనిపిస్తే అక్కడ ఒక తల్లి వాలి వెళ్లిందని అర్థం. ఆ రోజుకు కొడవలి పక్కన పెట్టండి. నెల తిరిగేసరికి తిరుమల పేరున్న ప్రాణి ఒకటి మీ కంచె మీద రెక్కలు ఆరబెట్టుకుంటుంది.